మగ్గం తీసేశాక దిగిన పాట

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నిన్న వదిన నీ మగ్గం విప్పించింది. ఎమ్మిగనూరులో ఇప్పుడు మగ్గం కొనేవాళ్లెవరు? కొయ్య పొయ్యిలోకి, ఇనుము పాతసామాన్లవాడికి పోయాయి.

మగ్గం గదిలో ఫోనుకు పాట దిగదని నువ్వు నెట్ కనెక్షన్ అతన్ని తిట్టని రోజు లేదు. చివరికి వీధి గదిలో వైఫై బాక్సు పక్కన నిలబడి దింపుకున్న ఒక్క పాటనే పొద్దంతా పెట్టుకొని నేసేవాడివి.

ఈ పొద్దున నెట్ బిల్లుకు అతనే వచ్చి ఖాళీ గది చూశాడు.

"లైను తప్పేం లేదన్నా. మగ్గం మీద చీరకు డిజైను తీసే అంత ఇనప జకార్డు పెట్టె అడ్డముంటే సిగ్నల్ యాడొస్తాది? మగ్గం జరపమంటే మీయన్న నన్నే తిట్టినాడు" అన్నాడు.

అతను వెళ్లాక, నువ్వు కాళ్లు పెట్టుకొని నేసిన మగ్గం గుంత పూడ్చిన చోట కూర్చొని నీ పాటను నా ఫోనులోకి దింపాను. రెప్పపాటులో వచ్చేసింది. పెట్టాను.

ఆదోని పత్తి మిల్లుకు పోవడానికి సద్ది కట్టుకుంటున్న వదిన గడప దగ్గరకు వచ్చింది.

"ఇదేం పాటప్పా? బాగుందే, ఎప్పుడూ ఇన్లేదు" అంది.

నీ పాటేనని చెప్పలేదన్నా. మగ్గం చప్పుడు లేకుండా ఆమె దాన్ని ఎన్నడూ వినలేదు.