చిన్నవాళ్ల మాట ముందు

తమ్ముడూ, దేవుడి దయవల్ల మన చిన్నోడు ధైర్యంగానే ఉన్నాడు, కంగారుపడకండి. కాపలా విడిచి వెళ్లాడని వాడి మీద పెట్టిన కేసు వచ్చే నెల మిలిటరీ కోర్టుకొస్తుంది. జ్వరంతో పడిపోయానంటాడు వాడు. తప్పొప్పుకుంటే శిక్ష తేలికవుతుందట గానీ ఉద్యోగం పోతుంది. పోరాడితే ఉద్యోగం దక్కవచ్చు, ఓడితే జైలు.

వాడి తరఫున మాట్లాడేది నల్లకోటు లాయరు కాదు, యూనిఫాం వేసుకున్న మేజరుగారు. "మీరూ వాళ్ల మనిషేగా బాబూ?" అని అడిగేశాను. "కేసు తేలేదాకా మీవాడి మనిషినేనమ్మా" అని నవ్వారు. తీర్పు చెప్పే ఆఫీసర్లలో అందరికన్నా చిన్నవాడు ముందు చెప్పాలట, పెద్దాయన చివర్న. ఎందుకలా అన్నాను. "పెద్దాయన ముందు నోరు తెరిస్తే మిగతావాళ్లు గంగిరెద్దుల్లా తలలూపుతారమ్మా" అన్నారు. మన ఇంట్లో లెక్క తిరగేసి ఉందే అనుకున్నాను.

వాడి స్వెటరు పంపు. అమ్మ మోకాళ్లకు మందు రాస్తున్నారా?

ఒప్పుకోవాలా, పోరాడాలా అన్నది ముందు వాడి భార్యను అడుగు. ఆ పిల్ల చెప్పేదాకా నువ్వూ అమ్మా నోరెత్తకండి. తన మాట ఉన్నదున్నట్టు వెంటనే రాయి. నా ఉద్దేశం కావాలనే ఇందులో రాయలేదు. అందరినీ ఆ దేవుడు చల్లగా చూడాలి.

అక్క