మన గల్లీకి ఆఖరున

బాపూ,

ఇవాళ నీ పనిలో చేరిన కొత్త మనిషి వచ్చి నీళ్ల వాల్వులు తిప్పే నీ ఇనుప చాబీ తీసుకెళ్లాడు. అందుకే రాస్తున్నాను.

నిన్ను కాల్చి వచ్చిన రోజు సీతాఫల్‌మండిలో మన వైపు ఏ నల్లాలోనూ చుక్క నీరు లేదు. స్మశానం నుంచి వచ్చినవాళ్లు స్నానం లేక గడప బయటే నిలబడ్డారు. గల్లీ గల్లీకి నీళ్లు వదిలే మనిషివి నువ్వేనని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ.

కొరివి పెట్టిన చేత్తోనే ఆ చాబీ పట్టుకుని బయల్దేరాను. చిన్నప్పుడు తమాషాకి దాన్ని బియ్యం డబ్బాలో దాచింది నేనే. ఆ రోజు నీళ్లు రాక బస్తీ అంతా నిన్ను తిట్టినా నువ్వు నా పేరు చెప్పలేదు.

"ముందుగాల మన గల్లీకి ఇడువురా, ఇంతమంది నిలబడ్డరు," అన్నాడు చిన్నాయన.

సొంతింటికి ముందు పట్టుకున్నాడని ఎవరూ అనకూడదని, ఉద్యోగం చేసినన్నాళ్లూ నువ్వు మన గల్లీకి ఆఖరునే వదిలావు.

"గట్ల చేస్తే బాపు లేచొచ్చి తంతడు చిన్నాయనా," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అన్ని గల్లీలూ అయ్యాకే మన వాల్వు తిప్పాను. నిజంగా లేచి వస్తావంటే దాన్నే ముందు తిప్పేవాణ్ణి.

నీ మల్లేశు