శుభలేఖలో నేను కొట్టేయించిన మాట

గురువారం, రాత్రి

మా పద్మకి సీటు వచ్చేసింది! నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, రెండేళ్ల పీజీ! ఐసీయూలో రోగిని తనే పరీక్షించి, వైద్యం ఏమిటో డాక్టర్లతో కలిసి నిర్ణయించే చదువట. నాకు సగమే అర్థమైంది. అయినా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను.

సాయంత్రం అడ్మిషన్‌కి సర్టిఫికెట్లు సర్దుతుంటే ఫైల్లోంచి పెద్దబ్బాయి పెళ్లి శుభలేఖ జారిపడింది. అందులో పద్మ పేరు పక్కన బి.ఎస్సీ. అని మాత్రమే ఉంటుంది. నర్సింగ్ అన్న మాటని అచ్చుకి ముందు నేనే కొట్టేయించాను, కొత్త చుట్టాలు చిన్నచూపు చూస్తారని. ఆ ఖాళీలో పద్మ నీలం పెన్నుతో ‘నర్సింగ్’ అని రాసుకుంది. ఇన్నేళ్లూ దాచుకుంది.

"ఇదేటమ్మా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"అచ్చుతప్పు నాన్నా. దిద్దీసేను," అని నవ్వింది. "ఈపాలైనా పూర్తిగా సెప్తావా?"

తలెత్తి దాని ముఖం చూడలేకపోయాను. వాళ్లమ్మ కాలిపుండుకి రోజూ కట్టు కట్టింది ఆ పిల్లే కదా. అది తిట్టినా బాగుండేది.

రేపు ముందు నర్సు అని చెప్పి, ఆ తర్వాత సీటు సంగతి చెప్పవలసినవాళ్లు:

నక్కపల్లి బావగారు. లెక్చరర్ అని చెప్పాను.

ఏటికొప్పాక పెద్దక్క. ల్యాబ్‌లో ఉద్యోగం అన్నాను.

కొయ్యూరు తమ్ముడు. వాడికేం చెప్పానో గుర్తే లేదు.

పెద్దబ్బాయి మామగారు. ఆ మాట కొట్టేయించింది ఈయన కోసమే. ఈయనకి ఫోన్‌లో కాదు. ఆ శుభలేఖ పట్టుకుని ఇంటికే వెళ్లాలి.