మూడో పాటకు ముందు ఒక ఎగపీల్పు

లాస్ ఏంజిలస్,
1958 అక్టోబరు 6.

లార్క్‌ఫీల్డ్ రికార్డుల కంపెనీ వారికి,

నమస్కారాలు. మీరూ, మీ ఇళ్లలో వాళ్లూ క్షేమమని తలుస్తాను.

నిక్ కాల్డరోన్ గారి కొత్త రికార్డు ‘వాన వెలిసిన వీధి’ కొన్నాను. నాకు సంగీతం గురించి పెద్దగా తెలియదు. చర్చిలో పాడతాను, అదీ వెనక వరసలో నిలబడి. కానీ ఇంత దిగులు పాటల్ని ఇంత మర్యాదగా పాడే మనిషిని నేను వినలేదు. ఏడుపు గొంతు దాకా వస్తుంది. అక్కడ ఆగి, టోపీ తీసి నమస్కారం పెట్టి వెళ్లిపోతుంది.

ఒక్క సంగతి అడగాలని ఈ ఉత్తరం. రెండో వైపు మూడో పాట ‘నువ్వు రాని సాయంత్రం’ ఉంది కదా. అది మొదలయ్యే ముందు, అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఎవరో ముక్కు ఎగపీలుస్తారు. వెంటనే చెల్లో వాద్యాలన్నీ కలిసి అందుకుంటాయి. ఆ ముక్కు ఎవరిదో చెప్పగలవారు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా? తీరిక చూసుకునే చెప్పండి. తొందరేం లేదు.

ఇట్లు,
భవదీయురాలు,
శ్రీమతి ఫిలొమెనా స్కార్పెల్లి.

తా.క.: కింది వాటాలో మా ఆడపడుచు రోజాలియా ఉంటుంది. "వదినా, నీ రికార్డు ప్లేయరుకు జలుబు చేసిందా?" అని మెట్ల మీంచి కేకేసింది. చెయ్యలేదు. సూది కూడా కొత్తదే.


హాలీవుడ్,
అక్టోబరు 10.

గౌరవనీయులైన శ్రీమతి స్కార్పెల్లి గారికి,

మా కంపెనీ రికార్డులో లోపం కనిపెట్టి తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మీకు కలిగిన చికాకుకు మిక్కిలి చింతిస్తున్నాం. ఒక్కోసారి రికార్డు అచ్చు వేసేటప్పుడు గాలి బుడగ పడి ఇలాంటి చప్పుళ్లు వస్తాయి. కొత్త రికార్డు ఒకటి, సూదుల పొట్లం ఒకటి ఉచితంగా పంపుతున్నాం. లోపమున్న రికార్డును దయచేసి తిప్పి పంపగలరు.

ఇట్లు,
హెరాల్డ్ ప్రిచెట్,
ఫిర్యాదుల విభాగం.

తా.క.: సూదులు మంచివి. నేనూ ఇంట్లో అవే వాడతాను.


లాస్ ఏంజిలస్,
అక్టోబరు 15.

ప్రిచెట్ గారికి,

నమస్కారాలు. రికార్డు భద్రంగా అందింది. మీ మంచి మనసుకు దేవుడు మేలు చేస్తాడు. పెట్టెలోంచి తీయగానే భయంభయంగా మూడో పాట వేశాను. దేవుడి దయవల్ల అందులోనూ ఆ ఎగపీల్పు ఉంది.

అది గాలి బుడగ కాదండీ, మనిషి ముక్కే. నా చెవులు నన్ను మోసం చేస్తున్నాయేమోనని ఇంకో ముగ్గురికి వినిపించాను. రోజాలియా విన్నది. వాళ్లాయన విన్నాడు. మా ఫాదర్ బెనిన్యో గారు కాఫీకి వచ్చి, కళ్లు మూసుకుని రెండుసార్లు విని, "మగమనిషి ముక్కేనమ్మా, పెద్దదే" అన్నారు.

నేను అడిగేది ఒక్కటే. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లను ఎవరినైనా కనుక్కోండి. పాత రికార్డు తిప్పి పంపలేను, మన్నించండి. దాని ఖరీదు ఎంతైనా ఇచ్చుకుంటాను.

ఇట్లు,
ఫిలొమెనా స్కార్పెల్లి.

తా.క.: సూదులు రోజాలియాకు ఇచ్చాను. ఆమె వాటితో అల్లిక చేయాలని చూసింది. కుదరలేదు.


హాలీవుడ్,
అక్టోబరు 22.

గౌరవనీయులైన శ్రీమతి స్కార్పెల్లి గారికి,

మీ ఉత్తరంలోని "దేవుడి దయవల్ల" అన్న వెటకారం మాకు తగలవలసిన చోటే తగిలింది. నలుగురు సాక్షులు, అందులో ఒక మతగురువు అనేసరికి ఉత్తరాన్ని పై అధికారి గారికి చూపించక తప్పలేదు. ఆయన ఇంజనీరును పిలిపించి అసలు టేపు పెట్టించారు.

మీ మాట నిజం. ముక్కే.

"నలభైమంది వాద్యగాళ్లు, ఇన్ని మైకులు! ఒక్క రుమాలు లేకపోయిందా మనకు?" అని అధికారి గారు బల్ల గుద్దారు. ఇంజనీరు టేపులో ఆ ముక్క వరకు బ్లేడుతో కోసేసి, అటూ ఇటూ అతికిస్తాడు. వచ్చే నెల నుంచి అచ్చయ్యే రికార్డుల్లో ఆ చప్పుడు ఉండదు. దుకాణాల్లో మిగిలిన పాతవి వెనక్కి తెప్పిస్తున్నాం. శుభ్రమైన మొదటి ప్రతి మీకే.

ఇట్లు,
హెరాల్డ్ ప్రిచెట్.

తా.క.: ఈ సంగతి ఫాదర్ గారికి కూడా తెలియజేయగలరు.


లాస్ ఏంజిలస్,
అక్టోబరు 24.

ప్రిచెట్ గారూ,

ముందు ఆ బ్లేడు కింద పెట్టించండి. తర్వాత ఈ ఉత్తరం చదవండి.

తప్పు నాదే. అడగాల్సింది సూటిగా అడగలేదు. పరాయివాళ్లకు ఇంటి సంగతులు రాయడానికి మొహమాటపడ్డాను.

నా భర్త ఎట్టోరె స్కార్పెల్లి మీ స్టూడియోలో చెల్లో వాయించేవాడు. మీ రికార్డుల అట్టల మీద వాద్యగాళ్ల పేర్లు వేయరు కాబట్టి మీకు తెలిసుండదు. విల్లు తీగ మీద పెట్టే ముందు ముక్కు ఎగపీల్చడం ఆయన అలవాటు. ఇంట్లో సాధన చేసినా అంతే, మా పెళ్లిలో వాయించినా అంతే. చర్చి పూజలో ఫాదర్ గారు ప్రసాదం పైకెత్తే నిశ్శబ్దంలో కూడా ఒకసారి అలాగే చేస్తే, పైకి లేవాలేమోనని ముందు వరస సగం లేచి నిలబడింది. పనికి బయల్దేరినప్పుడల్లా ఇస్త్రీ రుమాలు జేబులో పెట్టేదాన్ని. అది మడత విప్పకుండా తిరిగొచ్చేది. "ఏమయ్యా, ఇది నీకు ఎందుకిచ్చాను, దిష్టి తీసుకోవడానికా?" అనేదాన్ని. "చీదితే పాట మొదలవదే ఫిలొమెనా, పీలిస్తేనే మొదలవుతుంది" అనేవాడు.

ఈ మార్చిలో, ఉపవాసాల రోజుల్లో, ఆయన గుండె ఆగిపోయింది. అంతకు ముందు నెలంతా కాల్డరోన్ గారి దిగులు పాటలకే వెళ్లేవాడు. ఈ రికార్డు వినాలంటే నాకు భయం. విన్నాను. మూడో పాట ముందు ఆ చప్పుడు రాగానే వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లు ఆ చప్పుడు మానమని పోరాను. ఇప్పుడు రోజూ రాత్రి భోజనం ముందు అదొక్కటే వింటున్నాను. పాట కూడా పూర్తిగా వినను, కాల్డరోన్ గారు ఏమీ అనుకోకూడదు.

అది ఆయనే అని ఒక్కరు చెబితే చాలనుకున్నాను. ఇప్పుడు నా చేతులతో నేనే దాన్ని లోకంలో లేకుండా చేయిస్తున్నాను. కొయ్యకండి బాబూ.

ఇట్లు,
ఫిలొమెనా.

తా.క.: కలం గట్టిగా నొక్కడం వల్ల కాగితం రెండుచోట్ల చిరిగింది. అది కోపం కాదు.


హాలీవుడ్,
నవంబరు 3.

అమ్మా,

మీ ఉత్తరం పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాను. లిఫ్టు గుర్తే రాలేదు. నేను వెళ్లేసరికి ఇంజనీరు కోసేశాడు. కోసిన ముక్క అతని గది అద్దం మూల అంటించి ఉంది, ఎక్కడికీ పోలేదు.

అప్పటికే కాల్డరోన్ గారు కూర్చుని కొత్త టేపు వింటున్నారు. మూడో పాట మొదలవగానే ఆపమన్నారు.

"ఇదేంటి, తలుపు కూడా తట్టకుండా నన్ను ఇంట్లోకి తోసేశారు? ఆ ముక్కేదయ్యా?"

"తీసేశాం సార్. ఫిర్యాదు వచ్చింది" అన్నాడు ఇంజనీరు.

"ఎవరిచ్చారు?"

"నలుగురు. అందులో ఒక ఫాదరు కూడా ఉన్నారు."

"ఫాదరు దగ్గర నేను మోకరించి తప్పు ఒప్పుకుంటాలే. ముక్కు మాత్రం ఉన్నచోట పెట్టండి!"

అప్పుడు నేను మీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివారు. ఆ తర్వాత ఆయన చెప్పింది మీకు రాయాలా వద్దా అని వారమంతా తేల్చుకోలేకపోయాను. రాయకపోతే మీరు సంతోషంగా ఉంటారు. కానీ మీరు అడిగింది, అది మీ ఆయనో కాదో చెప్పమని. అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

అది ఎట్టోరె గారు కాదమ్మా. మొదటి వైపు పాటలన్నింటిలో ఆయన ఉన్నారు. రెండో వైపు పాటలు ఆయన పోయిన తర్వాత, ఏప్రిల్లో పాడినవి.

ఆ రోజు ఆయన కుర్చీ తీయడానికి ఎవరికీ మనసు రాక అలాగే ఉంచారట. ఆ పాట మొదట్లో సంగీత నిర్దేశకుడు కాల్డరోన్ గారి వైపు తిరిగి ఉంటాడు, చెల్లో వాళ్లకు అతని వీపే కనిపిస్తుంది. ఎప్పుడూ ఎట్టోరె గారి ముక్కు చప్పుడు పట్టుకునే అందరూ మొదలుపెట్టేవారట. అది లేకపోయేసరికి ఒకరు ముందు, ఒకరు వెనక. మళ్లీ మళ్లీ చేశారు. కుదరలేదు. చివరికి ఆ ఖాళీ కుర్చీ పక్కన కూర్చునే మిల్టన్ ఫైగెన్ అనే ఆయన, ఎవరికీ చెప్పకుండా, అచ్చం ఎట్టోరె గారిలాగే ఎగపీల్చాడట. అందరి విళ్లూ ఒక్కసారి లేచాయి. పాడటం అవగానే కాల్డరోన్ గారు, "ఇదే ఉండాలి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారట. ఆ మాట మా అంతస్తు దాకా రాలేదు.

ముక్క తిరిగి అతికించాం. ఇక తీయరు. మిమ్మల్ని బాధపెట్టి ఉంటే క్షమించండి.

ఇట్లు,
హెరాల్డ్.

తా.క.: ఏ మాటకైనా ముందు నేను గొంతు సవరించుకుంటానని మా ఆవిడ ఎప్పుడూ విసుక్కుంటుంది. డాక్టరుకు చూపించుకుందామనుకున్నాను. మానేశాను.


లాస్ ఏంజిలస్,
నవంబరు 9.

హెరాల్డ్ గారికి,

ఆశీస్సులు. మీ ఉత్తరం చదివి రెండు రోజులు రికార్డు ముట్టుకోలేదు. దేవుడు చేయని పనికి నెలరోజులుగా ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నానే అని సిగ్గుపడ్డాను. ఫాదర్ బెనిన్యో గారికి చెబితే నవ్వలేదు. "చేయలేదని ఎందుకమ్మా అనుకుంటావు? ఇంకొకరి ముక్కుతో చేయించాడు" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకూ కొంచెం అనుమానం ఉండేది. ఎట్టోరె ఎగపీల్పు చివర్లో కాస్త విరిగేది. ఇది నున్నగా ఉంది. రికార్డులోకి ఎక్కితే అలా అవుతుందేమోనని సరిపెట్టుకున్నాను. వినాలని ఉన్నప్పుడు చెవి మనం చెప్పినట్టే వింటుంది.

నిన్న మొదటి వైపు పెట్టి పాటలన్నీ ఆఖరిదాకా విన్నాను. అన్ని చెల్లోల్లో ఆయనది ఏదో నాకు తెలియలేదు. ఉన్నాడని మాత్రం తెలుసు. తర్వాత తిప్పి వేశాను. ఆ చప్పుడు రాగానే అలవాటుగా, "రుమాలేదయ్యా?" అని పైకే అన్నాను. కింది నుంచి రోజాలియా, "ఎవరితో వదినా?" అంది. "ఫైగెన్ గారితో" అన్నాను. ఆమె పరుగున పైకొచ్చి ఇల్లంతా వెతికింది.

ఆ ఫైగెన్ గారిని ఆదివారం భోజనానికి రమ్మని చెప్పండి. పేరును బట్టి యూదులనుకుంటాను, పంది మాంసం వండను, ఆయన భయపడక్కర్లేదు. చెల్లో కూడా తెస్తే సంతోషిస్తాను. ఎట్టోరె కుర్చీ మా ఇంట్లోనూ ఒకటి ఖాళీగా ఉంది.

ఈ కవరులో ఒక రుమాలు పెట్టాను. ఆయనకు అందజేయగలరు.

ఇట్లు,
ఫిలొమెనా స్కార్పెల్లి.

తా.క.: రుమాలు ఇస్త్రీ చేసే పెట్టాను. మడత విప్పొద్దని చెప్పండి.