తానెక్కడుందో తెలియని సర్వర్

జూన్ 11
ఇవాళ తన ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఉండే గోవిందన్నను పని నుంచి తీసేశాడు మామ. కోల్డ్ రూమ్ ఆగిపోయి మామిడి గుజ్జంతా పులిసింది. అలారం మోగిన ముప్పావుగంటకు గాని గోవిందన్న మామకు ఫోన్ చేయలేదట. అలారం వేళ సర్వర్ రాసుకునే లాగ్‌లో ఉంది, కాల్ వచ్చిన వేళ మామ ఫోన్‌లో.
“నిద్రపోయినావు,” అన్నాడు మామ, అందరి ముందూ.
“లేదు సామీ, మోగిన వెంటనే చేసినాను...”
ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసేది నేను. లాగ్ తీసిచ్చిందీ నేనే.

జూన్ 14
కోల్డ్ రూమ్ సర్వర్‌లో టైమ్ చూశాను. నా ఫోన్ కంటే ముప్పావుగంట వెనక.


జూన్ 15
దొరికింది. ఆ సర్వర్ ఒక వర్చువల్ మిషన్, అంటే వేరే పెద్ద కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్. పోయిన నెల హోసూరు కంప్యూటర్ కంపెనీ వాళ్ళు దాన్ని కొత్త ప్లాట్‌ఫామ్ మీదికి మార్చి వెళ్ళారు. ఈ కొత్తది పాతదాని పేరే చెప్పుకుంటోంది. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ నమ్మేసింది — ఇంకా పాత చోటే ఉన్నానని. టైమ్ అక్కడి నుంచి వస్తుందని ఎదురుచూస్తోంది. రాదు. రోజూ కాస్త కాస్త జారింది గడియారం.
అంటే అలారం లాగ్‌లో ఉన్న వేళకు మోగలేదు. ఆ తర్వాత ముప్పావుగంటకు మోగింది. గోవిందన్న వెంటనే ఫోన్ చేశాడు.

జూన్ 16
మధ్యాహ్నం భోజనాల దగ్గర మామకు చెప్పాను. పూర్తిగా విన్నాడు.
“సరి. ఇప్పుడేం చేయమంటావు? అందరి ముందర తిట్టి పంపినాను. మళ్ళీ పిలిస్తే నా మాటకు మర్యాద ఉంటుందా?”
అత్త కూర గిన్నె నా వైపు జరిపింది. “తిను పాపా.”
తిన్నాను.

జూన్ 17
సర్వర్ సరిచేశాను. ఎక్కడున్నదో ఇప్పుడు సరిగానే చెబుతోంది. ఎవరికి లాభం...

జూన్ 19
ధర్మపురి బస్టాండ్‌లో గోవిందన్న ఊరు పెన్నాగరం బస్సెక్కాను. గోవిందన్న ఇంట్లో లేడు — బెంగళూరుకు, కట్టడం పనికి. వాకిట్లోనే నిలబడి ఆయన భార్యకు అంతా చెప్పాను. 
“మిషన్ తప్పంటావు. నిద్రపోయి పని పోగొట్టినావని నేనూ తిట్టినానే ఆయన్ని. మాట్లాడకుండానే పోయినాడు. ఫోన్ ఎత్తడు.”
తర్వాత, నీళ్ళ చెంబు అందిస్తూ — “మీ మామ వచ్చి చెప్తాడా, ఈ ఊర్లో?”
గోవిందన్న నంబరు అడిగి రాసుకున్నాను.

జూన్ 20
ఆమె ఇచ్చిన నంబరుకు రెండుసార్లు చేశాను. మోగుతోంది. ఎత్తడం లేదు.
హాల్లో అత్తనడుగుతూ మామ గొంతు, నాకు వినబడాలనే — “పెన్నాగరం ఎందుకు పోయిందంట అది?”

లేస్తున్నాను — హాల్లోకి, ఎందుకు పోయానో నేనే చెప్పడానికి.