కణం మీదా, కణం లోపలా

1983 ఆగస్టు, గురువారం రాత్రి

సాయంత్రం ఎదురింటి నూకరత్నం గిన్నెడు చేపలు తెచ్చింది. వద్దన్నా వినలేదు.

“నువ్వు మలేరియా కాదన్నావు కదా సెల్లెమ్మా, మా ఆయన దైర్యంగా పోర్టుకి డ్యూటీకెల్లిపోనాడు. ఎల్లేముందు గంజి కూడా తాగినాడు. నీ కడుపు సల్లగుండ!”

పొద్దున్న ఆసుపత్రి ల్యాబులో అతని నెత్తురు చూసింది నేనే. ఒక ఎర్రకణం మీద ఊదారంగు చుక్క కనిపించింది. నెత్తురులో మామూలుగా ఉండే ప్లేట్‌లెట్ వచ్చి కణం మీద పడిందనుకున్నాను. మలేరియా క్రిమి అయితే కణం లోపలికి దూరి కూర్చుంటుంది. తేడా తెలియాలంటే మైక్రోస్కోపు చిన్న మర కొంచెం తిప్పాలి. మీదున్నదైతే చుక్క తేటపడినప్పుడు కణం మసకబారుతుంది. లోపలున్నదైతే రెండూ కలిసే తేటపడతాయి. కొత్తగా చేరినవాళ్ళకి ఇది నేర్పేది నేనే. బయట జనం గొణుగుతున్నారని ఆ మర తిప్పలేదు. నెగెటివ్ అని చెప్పేసి, స్లైడు కడిగేశాను.

ఆ చేపలతో పెట్టిన పులుసు బాగా కుదిరింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ముక్క మీద ఆవగింజ అంటుకుందని గోటితో తీయబోతే రాలేదు. అది కండ లోపలి మచ్చ. అప్పుడు గుర్తొచ్చింది, ఆ చుక్క.

ప్లేట్‌లెటే అయి ఉండొచ్చు. అవకపోతే? అతను ఈ పాటికి ఓడలో బస్తాలు మోస్తుంటాడు, ఆ ఒంటితో...

పొద్దున్నే వెళ్ళి మళ్ళీ వేలు గుచ్చాలి. ఎందుకని నూకరత్నం అడిగితే ఏం చెప్పను?

ఆమె గిన్నె కడిగాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు. అందులో సూది, దూది, కొత్త స్లైడు పెట్టాను.