గుండుసూది ముక్క

1956 ఏప్రిల్ 29, కడప
ఎండ. పేపరుకు పంపడానికి వార్త లేదు. గూడ్సు గార్డు దావీదురాజు వచ్చాడు. పోయిన నెల కమలాపురం దాటాక ఒక చిన్న స్టేషనులో అతను నిలిపిన నాపరాళ్ల వ్యాగన్ వాలులో దానంతటదే కదిలింది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ బొజ్జన్న కాలు దాని కింద పడి పోయింది. చేతిబ్రేకు వేయలేదని ఇతని మీద ఎంక్వైరీ. వేశానంటాడు. ఉద్యోగం పోయేటట్టుంది. నేను తీరిక వేళల్లో రేకు వ్యాగన్లు చేస్తానని అతనికి తెలుసు. అడుగున బ్రేకు సామానంతా పెట్టి ఒకటి చేసిమ్మన్నాడు. "ఎంక్వైరీ చేసే కుర్చీలో కూచున్న ఆయప్ప వ్యాగన్ కిందికి ఎప్పుడన్నా వంగి చూసినాడా అన్నా?" అన్నాడు.

మే 6
బిస్కెట్ డబ్బా రేకు, గొడుగు కమ్మీలు. పక్కనున్న చేతిబ్రేకు లీవరు నొక్కితే అడుగున రాడ్డు లాగాలి, బ్రేకు దిమ్మలు చక్రాలను పట్టాలి. లీవరునూ రాడ్డునూ కలిపేది ఒక్క పిన్ను. దానికి గుండుసూది ముక్క పెట్టాను. కళ్లు మండుతున్నాయి.

మే 9
బ్రేకు పట్టింది.

మే 14
ఎంక్వైరీ. మోడల్ చాలా బాగుందన్నారు ఆఫీసరు. వాలుగా పెట్టిన పలక మీద ఉంచి లీవరు నొక్కారు. నిలిచింది. మళ్లీ నొక్కారు. నిలిచింది. ఆ రోజు నొక్కి ఉంటే అసలు వ్యాగనూ ఇలాగే నిలిచేది కదా అన్నారు. దావీదురాజు నా వైపు చూడలేదు.

సాయంత్రం 6
అతని భార్య సంతోషమ్మ వచ్చింది. "ఇంత బాగా ఎవరు చెయ్యమన్నారన్నా నిన్ను?" అంది. ఆ పిన్ను తీసేసి, ఆ రోజు అసలు వ్యాగన్‌లో అది లేదని చెప్పమంది. ఊడిపోయిందేమో, ఎవరు చూశారంది. ఎవరూ చూడలేదు. ప్రమాదం జరిగిన మరునాడే ఆ వ్యాగన్‌ను విప్పేశారు. చూడనిది చెప్పలేనన్నాను. "అట్లయితే నీ నిజాన్ని కూట్లో కలుపుకొని తిను" అని వెళ్లిపోయింది.

మే 16
ఆఖరి విచారణ. అనుమతి అడిగి లేచాను. అందరి ముందూ పిన్ను తీసి, లీవరు నొక్కమన్నాను. లీవరు ముందులాగే కిందికి దిగింది. వ్యాగన్ జారి ఆఫీసరు ఒళ్లో పడింది. పైనుంచి లీవరు చూసేవాడికి పిన్ను ఉన్నా లేకున్నా ఒకటే. ఆ రోజు పిన్ను ఉందో లేదో నాకు తెలియదని కూడా చెప్పాను.

జూన్ 2
ఆధారం చాలదని ఉత్తర్వు. దావీదురాజు డ్యూటీలో చేరాడు. సంతోషమ్మ జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి పంపింది. నిజం ఒక్కటే తింటే గొంతు దిగదని కబురు.

జూన్ 5
బొజ్జన్న భార్య తిరుపతమ్మ వచ్చింది. మోడల్ చూస్తానంది. పిన్ను తిరిగి పెట్టే ఉంది. లీవరు తనే నొక్కింది.
"పట్టుకుంటాండాదే" అంది.
ఇంకోసారి నొక్కింది.